కాగితం ఎక్కడ ఆగుతుంది?

(మన సంఘం నెలసరి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా వంటి గుమాస్తాను ఈ వేదిక ఎక్కించడం కార్యదర్శిగారి పెద్దమనసే గాని నా యోగ్యత కాదు. ఇంతకు పూర్వం ఇక్కడ సాహిత్యాన్ని గురించీ, సంగీతాన్ని గురించీ పెద్దలు మాట్లాడినారు. నాకు ఆ రెండూ రావు. పదవ తరగతితో చదువు చాలించినవాణ్ణి. మా తాతగారి కాలంలో దాన్నే మెట్రిక్యులేషన్ అనేవారు. నాకు తెలిసినదల్లా కాగితం. కాగితం రావడం, కాగితం పోవడం, ముఖ్యంగా కాగితం ఆగిపోవడం. ‘రోజూ చేసే పనిని బాగుచేసుకోవడం ఎట్లా’ అనే విషయం మీద మాట్లాడమన్నారు గనుక, నేను ఎరిగిన ఆ కాగితాన్ని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన హుబ్బళ్లి తెలుగువారికి రైలు కొత్త కాదు. మా తాతగారు గుంతకల్లు వైపునుండి ఇక్కడి వర్క్‌షాపులో పనికి వచ్చినారు. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు విజయవాడ, సికిందరాబాదు, షోలాపూరు డివిజన్లతోపాటు హుబ్బళ్లి డివిజను కూడ అందులో చేరినది. 2003లో నైరుతి రైల్వే ఏర్పడి హుబ్బళ్లే దానికి ప్రధాన స్థానమయ్యేవరకు, ముప్పై ఆరేండ్లపాటు మన పెద్దలు బదిలీకీ, ప్రమోషనుకూ సికిందరాబాదు వైపే చూచేవారు. ఇక 2023 మార్చిలో ప్రారంభమైన మన స్టేషను ప్లాట్‌ఫారం సంగతి మీకు తెలిసినదే. పొడవు 1,507 మీటర్లు; ప్రపంచంలోకెల్లా పొడవైనదని గర్వంగా చెప్పుకొంటున్నాము. ఆ కొసనుండి ఈ కొసకు తీరికగా నడిచినా ఇరవై నిమిషాలు చాలును. కాని ఏ ఆఫీసులోనైనా సరే, ఒక బల్లమీదినుండి పక్క బల్లమీదికి కాగితం నడవడానికి ఒక్కొక్కప్పుడు ఇరవై రోజులు పడుతుంది. మనిషి కంటె కాగితానికి కాళ్లు తక్కువ.

ఈ సంగతి నాకు పుస్తకంలో తెలిసినది కాదు. నాన్నగారు సర్వీసులో ఉండగానే పోయినారు. ఆ కారణంగా నాకు మొదట ప్యూను ఉద్యోగం ఇచ్చినారు. ఆరేండ్లు ఫైళ్లు మోసి, తర్వాత డిపార్టుమెంటు పరీక్ష వ్రాసి గుమాస్తానైనాను. గుమాస్తాకు తన బల్ల ఒక్కటే కనబడుతుంది. అధికారికి తన ముందుకు వచ్చిన సంతకం ఒక్కటే కనబడుతుంది. కాగితం మొదటినుండి చివరిదాక ఎక్కడెక్కడ తిరుగుతున్నదో, ఎక్కడ పడుకొంటున్నదో ప్యూనుకు మాత్రమే తెలుసు. అయితే అతణ్ణి ఎవరూ అడగరు. నన్నూ ఎవరూ అడగలేదు. నేనూ బల్ల ముందు కూర్చోగానే ఆ సంగతి మరచిపోయినాను. దాన్ని మళ్లీ జ్ఞాపకం చేసినది ఒక పెద్దమ్మ.

కొన్నేండ్ల క్రితం సంగతి. అప్పుడు నేను వేరొక ఊళ్లో ఉన్నాను. ఊరి పేరూ ఆఫీసు పేరూ మనకు అవసరం లేదు. అనంతపురం జిల్లానుండి వచ్చి ముప్పై ఏండ్లు లైనుమీద గ్యాంగ్‌మన్‌గా పనిచేసి, రిటైరై, మూడేండ్లు పింఛను తీసుకొని కాలం చేసినాడు ఒకాయన. ఆయన భార్య మా ఆఫీసుకు వచ్చినది. ఆమెను లక్ష్మమ్మ అనుకొందాము. అసలు పేరు అది కాదు. భర్త పింఛను ఆగిపోయినది. కుటుంబ పింఛను మొదలు కావాలి. బ్యాంకువారు చూస్తే పింఛను ఆర్డరులో ‘లక్ష్మమ్మ’ అని ఉన్నది. ఆధార్ కార్డులో ‘లక్ష్మవ్వ’ అని ఉన్నది. బ్యాంకు పుస్తకంలో ముందొక పొడి అక్షరం తగిలించి ‘టి. లక్ష్మి’ అని ఉన్నది. ఈ ముగ్గురూ ఒక్కరేనని రైల్వే ఆఫీసునుండి కాగితం తెమ్మన్నారు.

ఈ మూడు పేర్లు ఎట్లా వచ్చినవో ఇక్కడ కూర్చున్న మీకు చెప్పనక్కర లేదు. మన వైపు ‘అమ్మ’. ఈ సీమలో ‘అవ్వ’. కార్డు వ్రాసుకొన్న కుర్రవాడు తనకు తెలిసిన మర్యాద చొప్పున ‘అవ్వ’ అని వ్రాసినాడు. బ్యాంకులోని అమ్మాయి పేరు పొట్టిగా ఉంటే సుళువని ‘లక్ష్మి’ అని వ్రాసినది. తిలా పాపం తలా పిడికెడు. ఎవరూ చెడు తలపెట్టలేదు. కాని భారం వచ్చి ఆమె అన్నం కంచం మీద పడినది.

ఆమె అర్జీ నా బల్లకే వచ్చినది. మొదటిసారి చూచి “అఫిడవిట్టు కావాలమ్మా” అన్నాను. రెండు వారాలకు తెచ్చినది. అప్పుడు చూచి “ఇద్దరు సాక్షుల సంతకాలు లేవు” అన్నాను. మళ్లీ వచ్చినప్పుడు “ఫొటో అతికించలేదు” అన్నాను. నాలుగోసారి “మరణ ధ్రువపత్రం అసలు చూపించాలి” అన్నాను. ఆమె నా బల్ల ముందు నిలబడి, సంచి కింద పెట్టి, నెమ్మదిగా అన్నది: “ఇంగ ఎన్ని తూర్లు తిరగల్ల నాయనా? అన్నీ ఒగేసారి చెప్పకూడదా?”

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు సుళువుగా ఉండేది. నేనూ కోపపడి ఉందును. పాసెంజరు బండి ఎక్కి వచ్చిపోయిన ప్రతిసారీ ఆమెకు ఒక రోజు కూలి పోతున్నదనీ, చెవి కమ్మలు కుదువ పెట్టి మనవరాలి బడి ఫీజు కట్టినదనీ ఆనాడే తెలిసినది. పింఛను చేతికి వచ్చేసరికి నాలుగు నెలలు గడచినవి.

నేను రూలుకు విరుద్ధంగా ఏమీ చేయలేదు. అడిగిన ప్రతి కాగితమూ అడగవలసినదే. లంచం ముట్టలేదు, కసరుకోలేదు. అయినా నాలుగు నెలలు పట్టినది. ఎవరూ తప్పు చేయకుండానే పని చెడిపోవచ్చుననీ, మంచివాళ్లు వరుసగా కూర్చున్నచోట కూడ కాగితం నిద్రపోవచ్చుననీ నాకు ఆమె నేర్పినది. ‘ఎవరి తప్పు?’ అని అడిగినంతకాలం జవాబు రాదు. ‘ఎక్కడ ఆగింది?’ అని అడిగితే వస్తుంది.

మరునాడు ఒక నోటుబుక్కు కొన్నాను. నా బల్లమీదికి వచ్చిన ఇటువంటి అర్జీలను పన్నెండింటిని వెంబడించినాను. ప్రతి బల్లకు కాగితం ఏనాడు వచ్చినది, ఏనాడు పోయినది, దానిమీద చేయిపెట్టి పనిచేసినది ఎంతసేపు అని గుర్తు పెట్టినాను. అన్ని బల్లలమీదా కలిపి ఒక్కొక్క అర్జీకి జరిగిన పని గంటన్నర మించలేదు. మిగిలిన వారాలూ నెలలూ అది పడుకొన్న కాలమే. అందరూ తొందరగా పని చేస్తే బాగుపడుతుందని అదివరకు అనుకొనేవాణ్ణి. గంటన్నర పనిని గంటలో చేసినా ఆమెకు మిగిలేది అరగంట. బాగుచేయవలసినది పని కాదు, మధ్యనున్న నిద్ర.

ఆ నిద్ర మూడు చోట్ల కనబడినది. మొదటిది నా బల్లే. లోపాలను ఒక్కొక్కటిగా చెప్పడంవల్ల ఒక్కొక్క లోపానికి ఒక్కొక్క ప్రయాణం. రెండవది బట్వాడా. పై ఆఫీసుకు పోవలసిన కాగితాలన్నీ కట్టకట్టి శుక్రవారం నాడు పంపేవారు. శనివారం పుట్టిన కాగితం శుక్రవారందాక కూర్చునేది. ఎందుకు శుక్రవారమే అని అడిగితే ఎవరికీ తెలియదు. వెనుకటికి ఎప్పుడో ఒకే ఒక్క ప్యూను ఉన్నప్పుడు పెట్టిన ఏర్పాటు; మనుషులు మారినా అది మారలేదు. మూడవది, సంతకం చేసేవారు సెలవులో ఉంటే ఆ సంతకం ఎవరు చేయాలో ముందుగా వ్రాసి ఉండకపోవడం.

ఇంతవరకు తెలిసిన తర్వాత నేను చేసిన మొదటి పని ఏమిటంటే, తప్పు పని. ఉత్సాహం కొద్దీ ఒక కొత్త రిజిస్టరు పెట్టించినాను. ప్రతి బల్లవారూ కాగితం వచ్చిన తేదీ, పోయిన తేదీ అందులో వ్రాయాలి. మొదటి వారం వ్రాసినారు. రెండవ వారం శనివారంనాడు కూర్చుని అన్ని తేదీలూ ఒకేసారి వ్రాసినారు. మూడవ వారం ఆ రిజిస్టరు టీ గ్లాసులకింద కనబడినది. మా పెద్దగుమాస్తాగారు నవ్వి, “రిజిస్టరు పెట్టడానికి ఒక రోజు చాలునయ్యా, తీసివేయడానికే ఇరవై ఏండ్లు పడుతుంది” అన్నారు. నాకు సిగ్గు వేసినది. బాగుచేస్తానని బయలుదేరి నలుగురి నెత్తిన ఇంకొక పని పెట్టినాను. అందులోనూ వాళ్లను ఒక్క మాట అడగకుండా పెట్టినాను.

రెండవసారి అడిగినాను. బల్ల బల్లకూ పోయి ‘మీకు ఇందులో ఏది అడ్డం?’ అన్నాను. అందరికీ ఒక్కటే జవాబు: కాగితాలు సగం సగం వస్తున్నవి. కాబట్టి ఒక్కటే మార్చినాము. కావలసిన కాగితాలన్నీ ఒకే ఒక అట్టమీద కన్నడంలో, తెలుగులో వ్రాసి కిటికీ దగ్గర తగిలించినాము. అర్జీ తెచ్చినవారికి దాని నకలు మొదటిరోజే చేతికి ఇచ్చి, లేనివాటికి ఎదురుగా పెన్సిలుతో గుర్తు పెట్టి పంపినాము. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, పైసా ఖర్చు లేదు. అది రెండు నెలలు నిలబడిన తర్వాతనే శుక్రవారం మాట ఎత్తినాము. అధికారిగారు ఒప్పుకొని మంగళవారం కూడ బట్వాడా పెట్టించినారు. సెలవు సంతకం సంగతి మాత్రం నా చేతిలోనిది కాదు. విన్నవించుకొన్నాను, నేను బదిలీపై వచ్చేసరికి అది అట్లాగే ఉన్నది. నాలుగు నెలలు పట్టే పని ఆరు వారాలకు దిగినది. ఇంకా దిగవలసి ఉన్నది. జరిగినది ఇంతే, ఎక్కువ చేసి చెప్పను.

గుమాస్తా ఏమి చేయగలడు అని మీలో ఎవరైనా అనుకోవచ్చును. మా వృత్తిలో ఒక పెద్దమనిషి కథ ఉన్నది. ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్‌సన్ అనే ఆయన 1792లో లాంకాస్టరులో పుట్టినాడు. కొయ్యసామాను చేసే పని నేర్చినాడు. వ్యాపారంలో దివాలా తీసినాడు. నలభై దాటిన వయసులో, 1836లో, మిల్టన్ అనే చిన్న స్టేషనులో గుమాస్తాగా చేరినాడు. ఆ రోజుల్లో టిక్కెట్టంటే పుస్తకంలోనుండి చింపిన కాగితం. ప్రతి ప్రయాణికునికీ చేత్తో వ్రాసి ఇవ్వాలి. వ్రాసేసరికి బండి వేళ అయ్యేది. సాయంకాలం డబ్బు లెక్క తేలేది కాదు. ఆయన బుర్ర పెట్టి, ముందుగానే అచ్చువేసి వరుస నంబర్లు వేసిన చిన్న అట్ట ముక్కలు తయారుచేసినాడు. తేదీ గుద్దడానికి ఒక యంత్రం కల్పించినాడు. ప్రొద్దున మొదటి నంబరు, సాయంకాలం చివరి నంబరు చూచుకొంటే ఎన్ని టిక్కెట్లు పోయినవో, పెట్టెలో ఎంత డబ్బు ఉండాలో తేలిపోతుంది. గుమాస్తాకు రాత తగ్గినది, ప్రయాణికునికి వరుస తగ్గినది, కంపెనీకి లెక్క కుదిరినది. ఒక్క మార్పుతో ముగ్గురికీ మేలు. ఆ అట్ట టిక్కెట్టే మన దేశంలోనూ వంద సంవత్సరాలకు పైగా చెలామణీ అయినది. మనలో నడివయసువారందరూ చిన్నప్పుడు దాన్ని దాచుకొని ఆడుకొన్నవారే.

ఆ మార్పు పైనుండి వచ్చినది కాదు. రోజూ ఆ బాధ పడుతున్నవాని చేతినుండి వచ్చినది. పని చేసేవాణ్ణి అడగకుండా పనిని బాగుచేయలేము.

మరొకటి మన కాలంలోనిదే. పూర్వం రిజర్వేషను ఆఫీసులో ఒక్కొక్క బండికి ఒక్కొక్క కిటికీ, ఒక్కొక్క పెద్ద రిజిస్టరు. ఒక కిటికీ ముందు తిరునాళ్ల జనం. పక్క కిటికీ గుమాస్తా ఖాళీగా కూర్చునేవాడు. కంప్యూటరు వచ్చిన తర్వాత ఏ కిటికీలోనైనా ఏ బండికైనా టిక్కెట్టు ఇవ్వగలిగినారు. కాని దాన్ని దేశమంతా ఒక్కరోజున పెట్టలేదు. 1985లో ఢిల్లీలో ప్రయోగంగా మొదలుపెట్టినారు. ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికిందరాబాదు కేంద్రాలు అయిదూ ఒకదానితో ఒకటి కలిసేసరికి 1999 వచ్చినది. ఇంటినుండే కొనే సౌకర్యం 2002లో వచ్చినది. పెద్ద మార్పు కూడ చిన్న చోటనే మొదలుపెట్టి, చూచి, సరిదిద్ది, తర్వాతనే పెంచినారు. ఒకటి మాత్రం జ్ఞాపకం ఉంచుకోవాలి. యంత్రం కాగితాన్ని తొందరగా నడిపిస్తుంది. తప్పు పేరును కూడ అంతే తొందరగా నడిపిస్తుంది. లక్ష్మమ్మ పేరు మూడు విధాలుగా ఉంటే కంప్యూటరు ఆమెను ముగ్గురుగానే చూస్తుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంతసేపూ ఆఫీసుల మాట చెప్పినాను గనుక మన సంఘం మాట కూడ చెప్పుకోవాలి; పెద్దలు మన్నించాలి. మనం బీద విద్యార్థులకు సహాయం ఇస్తున్నాము. మనసు మంచిదే, డబ్బూ ఉన్నది. బడి ఫీజు జూనులో కట్టాలి. మన అర్జీలు జూనులో తీసుకొంటాము. సమావేశం నెలకు ఒక ఆదివారం. ఆనాడు కోరం లేకపోతే మరుసటి నెల. చెక్కుమీద రెండు సంతకాలు; కోశాధికారిగారు కేశ్వాపూరులో, కార్యదర్శిగారు ధార్వాడలో. పిల్లవానికి డబ్బు అందేసరికి శ్రావణ మాసం వస్తున్నది. అప్పటికే తండ్రి వడ్డీకి తెచ్చి కట్టి ఉంటాడు. మన సహాయం చదువుకు కాదు, వడ్డీ వ్యాపారికి పోతున్నది. ఇక్కడ కూడ తప్పు ఎవరిదీ కాదు. కాగితం ఆగుతున్నది, అంతే.

అందుచేత నా మనవి ఇది. ఈ సంవత్సరం అన్నీ మార్చబోవద్దు. ఒక్కటి మార్చుదాము: విద్యార్థి సహాయం అర్జీలు ఉగాది నాడే తీసుకొందాము. కావలసిన కాగితాల జాబితా ఈ సంచిక చేతికి వచ్చిన నాడే సంఘం గోడమీద ఉంచుదాము. కోశాధికారిగారు ఊళ్లో లేకపోతే సంతకం ఎవరిదో ముందే తీర్మానం చేసి బ్యాంకుకు తెలుపుదాము. జూనులో ఎందరికి ఫీజు వేళకు అందినదో లెక్క చూచుకొందాము. కుదిరితే ఉంచుదాము, కుదరకపోతే సిగ్గుపడకుండా తీసివేద్దాము. ఆ తర్వాతనే మరొకటి. చందా పుస్తకాలకు వరుస నంబర్లు వేసే పని కూడ ఉన్నది. ఎడ్మండ్‌సన్‌గారిని వచ్చే ఏడు పిలుద్దాము.

రెండవ మనవి ఇంటికి సంబంధించినది; నాకు ఇదే ముఖ్యం. ఊరు వదలి వచ్చినవాళ్లకు భాష ఒక్కటే కాదు, పేరు కూడ జారిపోతుంది. మన ఊళ్లో ఇంటిపేరు ముందు. ఇక్కడికి వస్తే అది చివరికి పోతుంది, లేదా ఒక పొడి అక్షరమై కూర్చుంటుంది. షోలాపూరు, ముంబయి పోయినవారికి మధ్యలో తండ్రి పేరు చేరుతుంది. చెన్నైలో ఇంటిపేరు పోయి తండ్రి పేరు అక్షరం వస్తుంది. పిలుపులో ఎట్లా ఉన్నా నష్టం లేదు. కాని సర్వీసు రికార్డులో, పింఛను ఆర్డరులో, ఆధారులో, బ్యాంకు పుస్తకంలో ఒక్కటిగా ఉండకపోతే, మగదిక్కు పోయిన రోజున ఆ ఇల్లాలు కిటికీ కిటికీకీ తిరగవలసి వస్తుంది. ఆయన ఉన్నప్పుడు ఒక అర్జీతో, ఒక సంతకంతో పోయే పని, ఆయన పోయిన తర్వాత నెలలు తింటుంది. చేతులు కాలిన తర్వాత ఆకులు పట్టుకొని ప్రయోజనమేమి?

కాబట్టి ప్రతి ఇంటిలోనూ ఒక సాయంకాలం ఇనుప పెట్టె తీయండి. నాలుగు కాగితాలూ పక్కపక్కన పరచి, భార్య పేరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు అక్షరం అక్షరం పోల్చి చూడండి. తేడా ఉంటే ఏది సరియైనదో భార్యాభర్తలు కలిసి నిర్ణయించుకొని, సర్వీసులో ఉన్నవారు సర్వీసులో ఉండగానే దిద్దించుకోండి. ఆ కాగితాలు ఎక్కడ ఉన్నవో ఇంట్లో ఆడవారికి చూపించండి. చదువు రానివారికీ, తోడు లేనివారికీ నేనూ మరొక మిత్రుడూ నెలకు ఒక ఆదివారం మన సంఘం మందిరంలో ఒక బల్ల వేసుకొని కూర్చుంటాము. మా దగ్గర ఒక జాబితా ఉంటుంది. లోపాలన్నీ ఒకేసారి చెప్తామని మాట ఇస్తున్నాను.

ఉగాది నాడు పంచాంగం విప్పి ఆదాయమెంత, వ్యయమెంత అని చూచుకొనడం మన ఆచారం. ఆ పక్కనే ఈ ఏడు కాగితాలు కూడ విప్పి చూచుకొందాము. గ్రహాలు ఎట్లా ఉన్నా, పేరు ఒక్కటిగా ఉంటే సగం పీడ పోయినట్టే.

లక్ష్మమ్మ పింఛను మొదలైన తర్వాత ఒకసారి వచ్చి నా బల్లమీద నాలుగు జామకాయలు పెట్టి పోయినది. వద్దన్నాను. “నీకు కాదులే నాయనా, నీ పిల్లోళ్లకు” అన్నది. కమ్మలు విడిపించుకొన్నదో లేదో అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమె పేరు ఇప్పుడు మూడు చోట్లా ఒక్కటిగానే ఉన్నది. అది మొదటిరోజే జరగవలసినది.